మూడో అంతస్తు ఫ్లాటులో తొమ్మిది వారాల కుక్కపిల్ల: ఇంట్లో తడపకుండా ఎలా నేర్పాలి?

ప్రశ్న (హైదరాబాదు, నిజాంపేట నుంచి)

అందరికీ నమస్కారం. మాది ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. ఇంట్లో మా వారు, నేను, మా అత్తగారు, ఆరో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఉంటాము. మూడు వారాల క్రితం ఒక ఆడ లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాము. అప్పటికి దానికి నలభై రోజులని అమ్మినాయన చెప్పాడు కనుక ఇప్పటికి తొమ్మిది వారాలు కావస్తున్నట్టు. పేరు చిట్టి. ఆరోగ్యంగానే ఉంది, బాగా తింటోంది, అబ్బాయి చేతిలోంచి దిగదు. ఒక్క విషయంలో మాత్రం మూడు వారాలుగా ఇంటిల్లిపాదికీ మనశ్శాంతి లేకుండా పోయింది.

చిట్టి ఇంట్లో ఎక్కడ పడితే అక్కడ మూత్రం పోస్తోంది. ఎక్కడ పడితే అక్కడ అన్నాను గానీ, గమనించి చూస్తే గుమ్మాల దగ్గర వేసిన కాళ్లు తుడుచుకునే పట్టాల మీదే ఎక్కువ, ఆ తర్వాత మంచం మీంచి జారిన దుప్పటి మీద, అబ్బాయి విప్పి పడేసిన యూనిఫాం మీద. ఉత్త టైల్స్ మీద పోయడం తక్కువ. నిన్న ఆదివారం కనుక లెక్కపెట్టాను: ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు పదకొండు సార్లు మూత్రం, నాలుగు సార్లు మలవిసర్జన. వీటిలో ఒకటి పూజగది గడప ముందు. మా అత్తగారు కుక్క వద్దని ఎన్నడూ అనలేదు, ఇప్పటికీ తన చేత్తోనే దానికి పెరుగన్నం కలిపి పెడతారు. కానీ శ్రావణమాసం వస్తోంది, వరలక్ష్మీ వ్రతానికి చుట్టాలు వస్తారు, మడి కట్టుకొని తిరగవలసిన ఇంట్లో ఇలా ఉంటే ఎలా అని ఆవిడ బాధపడుతున్నారు. ఆ బాధలో న్యాయం ఉంది.

మేము చేసిన ప్రయత్నాలు కూడా చెబుతాను. మా వారు రోజూ ఉదయం ఆఫీసుకు వెళ్లే ముందు, సాయంత్రం వచ్చిన తర్వాత దాన్ని సెల్లారు పక్కనున్న ఖాళీ స్థలానికి తీసుకువెళతారు. అక్కడ అరగంట నిలబడినా ఏమీ చేయదు, కారు హారన్ వినపడితే కాళ్ల మధ్య దూరుతుంది, లిఫ్టులో పైకి వచ్చి తలుపు తీసిన మరుక్షణం పట్టా మీద కూర్చుంటుంది. మూతిని ఆ తడిలో రాస్తే మళ్లీ చేయదని వాచ్‌మన్ చెబితే మా వారు రెండు సార్లు అలాగే చేశారు. అప్పటి నుంచి అది సోఫా వెనక్కి వెళ్లి చేయడం మొదలుపెట్టింది. మరో సంగతి, టీకాలన్నీ పూర్తయ్యేవరకు కింద నేల మీద వదలవద్దని పశువైద్యుడు అంటున్నారు. కిందికి తీసుకెళ్లకపోతే బయట చేయడం ఎప్పుడు నేర్చుకుంటుంది? రాత్రి వేసిన చిన్న పరుపు కూడా తడిపి, ఆ తడిలోనే పడుకుంటోంది. కుక్కలు పడుకునే చోటు పాడు చేసుకోవని అంటారే, ఇది ఎందుకు ఇలా చేస్తోంది?

అపార్ట్‌మెంటులో ఉంటూ ఈ దశ దాటినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు (సికింద్రాబాదు, సైనిక్‌పురి నుంచి)

నమస్కారమండి. పదకొండేళ్లుగా వీధుల్లో దొరికిన కుక్కపిల్లలను ఇంట్లో ఉంచుకొని, కాస్త ఎదిగాక మంచి ఇళ్లకు అప్పగిస్తున్నాను. వాటిలో చాలావరకు ఫ్లాట్లకే వెళతాయి కనుక మీరు అడిగిన ప్రశ్నే నాకు నిత్యం ఎదురవుతుంది.

మీ ప్రశ్నలో అన్నిటికంటే విలువైన విషయం పట్టాల సంగతి, అది మీరు గమనించడం మంచిదయింది. కుక్కపిల్లలు పుట్టిన మొదటి మూడు వారాలు తల్లి నాకితే తప్ప మలమూత్రాలు విసర్జించలేవు, తల్లే ఆ చోటును శుభ్రం చేసుకుంటుంది. ఆ తర్వాత కాళ్లు నిలదొక్కుకోగానే పడుకునే చోటు వదిలి నాలుగడుగులు అవతలికి వెళ్లి చేయడం మొదలుపెడతాయి. ఎనిమిది, తొమ్మిది వారాలు వచ్చేసరికి అరికాళ్ల కింద ఏది తగిలితే అది తన మరుగుదొడ్డి అన్న గుర్తు బలపడుతుంది. మట్టిలో పెరిగిన పిల్ల మట్టిని వెతుక్కుంటుంది. మీ చిట్టి బహుశా గోనెపట్టాలో పాతబట్టలో పరిచిన ఇరుకు గూటిలో పెరిగి ఉంటుంది. అవతలికి వెళ్లడానికి చోటు లేదు కనుక పడుకున్న చోటే పోయడం, ఆ తడిలోనే పడుకోవడం దానికి అలవాటయింది. మీ గుమ్మంలోని పట్టా దాని పాదాలకు ఆ గూటి పట్టాలాగే తగులుతోంది. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలలో స్పష్టంగా ఉంది. తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర గడపవలసిన ఆ చివరి రెండు మూడు వారాలు చాలా పిల్లలకు దక్కడం లేదు, దాని ఫలితాన్ని మీలాంటివారు తుడుపుగుడ్డతో అనుభవిస్తున్నారు. మీకు తెలిసి చేసిన పని కాదు, నిష్ఠూరంగా అనుకోకండి. ఇకముందు ఎవరైనా మిమ్మల్ని సలహా అడిగితే చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను.

ఇప్పుడు చేయవలసినది. ఈరోజే ఇంట్లోని పట్టాలన్నీ తీసి అటక మీద పెట్టేయండి, కనీసం రెండు నెలలు వాటి ముఖం చూడవద్దు. బాల్కనీలో ఒక మూలన రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉండే ప్లాస్టిక్ ట్రే పెట్టి, నర్సరీలో చదరపు అడుగుల లెక్కన అమ్మే లాన్ గడ్డి ముక్క తెచ్చి అందులో పరవండి. వేరు మట్టితో సహా వస్తుంది కనుక మూత్రాన్ని పీల్చుకుంటుంది. రోజూ ఒక చెంబెడు నీళ్లు పోస్తూ, రెండు మూడు వారాలకు ముక్క మారిస్తే వాసన రాదు. ప్లాస్టిక్ గడ్డి మాత్రం కొనకండి, అది దాని కాళ్లకు మళ్లీ పట్టాలాగే తగులుతుంది. మొదటి రోజు దాని మూత్రం తుడిచిన గుడ్డ ముక్కను ఆ గడ్డి మీద ఒత్తి తీయండి. అది ముక్కుతో చదువుకునే జంతువు, చిరునామా ఆ భాషలోనే రాయాలి.

తర్వాత సమయాలు. నిద్ర లేవగానే, అంటే కళ్లు తెరిచి ఒళ్లు విరుచుకునే లోపే, దాన్ని ఎత్తుకొని ట్రేలో దింపాలి. నడిపించుకు వెళితే దారిలోనే కూర్చుంటుంది. తిన్న తర్వాత పది, ఇరవై నిమిషాలకు ఒకసారి, ఆడి అలిసిన వెంటనే ఒకసారి, ఇవేవీ లేకపోయినా మెలకువగా ఉన్నంతసేపు ముప్పావుగంటకు ఒకసారి తీసుకెళ్లాలి. నెలల వయసుకు ఒకటి కలిపితే ఎన్నో అన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెబుతారు, దాని ప్రకారం చిట్టికి మూడు గంటలు. అయితే అది కదలకుండా పడుకున్నప్పటి లెక్క. పరుగెత్తి ఆడే పిల్ల దానిలో మూడోవంతు కూడా ఆపుకోలేదు. మీరు లెక్కపెట్టిన పదకొండు సార్లు ఆ వయసుకు ఎక్కువేమీ కాదు, ఆ పదకొండూ సరైన చోట పడేలా చూడటమే మన పని.

ట్రే దగ్గర మెడపట్టీకి తాడు తగిలించి, మీరు కదలకుండా, మాట్లాడకుండా నిలబడండి. ఒక మాట ఎంచుకోండి, మా ఇంట్లో ‘ఒంటికి’ అంటాము, కూర్చోబోతున్నప్పుడు నెమ్మదిగా ఆ మాట ఒక్కసారి అనండి. పూర్తికాగానే, అది లేచి నిలబడిన ఆ క్షణంలోనే, సెనగగింజంత ఉడికించిన కోడిమాంసం ముక్క నోటికి అందించండి. లోపలికి వచ్చి ఫ్రిజ్ తెరిచి ఇస్తే, ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తినందుకు ఇచ్చారనుకుంటుంది. అయిదు నిమిషాలు గడిచినా ఏమీ చేయకపోతే లోపలికి తెచ్చి నేల మీద వదలకండి. ఒళ్లో పెట్టుకొనో, తాడు మీ నడుముకు కట్టుకొనో పది నిమిషాలు గడిపి మళ్లీ తీసుకెళ్లండి. మీ వారు కింద అరగంట నిలబడి పైకి తెచ్చి వదలడంలో జారిపోతున్నది ఈ పది నిమిషాలే. కింద కొత్త వాసనలు, హారన్లు, భయం. భయపడిన పిల్ల బిగబట్టుకుంటుంది, ఇంటికి చేరి గుండె కుదుటపడగానే వదిలేస్తుంది.

మూతి రాయడం గురించి ఒక్కటే చెబుతాను. చేసిన పనికీ మీ కోపానికీ మధ్య ఒకటి రెండు క్షణాలు దాటితే కుక్క ఆ రెంటినీ కలుపుకోలేదు. మనిషి కళ్లెదుట మూత్రం పోస్తే ప్రమాదం అన్నంతవరకే దానికి అర్థమవుతుంది. సోఫా వెనక్కి వెళ్లడం అందుకే. ఆ భయం పోకపోతే రేపు ట్రే దగ్గర మీరు పక్కన నిలబడినా చేయదు, అప్పుడు బహుమతి ఇవ్వడానికి కూడా అవకాశం ఉండదు. దయచేసి ఆ పని ఇంకెప్పుడూ చేయవద్దు. మీ కళ్లముందే ఇంట్లో కూర్చోబోతే అరవకుండా, ‘అయ్యో’ అన్నంత శబ్దంతో ఆపి ఎత్తుకొని ట్రేకు తీసుకెళ్లండి. ముక్కు నేలకు ఆనించి, ఉన్నట్టుండి ఆట మానేసి, ఒకే చోట చిన్న చుట్లు తిరుగుతుందంటే మీకు మూడు నాలుగు క్షణాల వ్యవధి ఉన్నట్టు.

ఇల్లంతా వదలకండి. మీరు ఉన్న గదిలోనే, మీ చూపు అందే దూరంలోనే ఉండాలి. రాత్రి దాని పక్క మీ మంచం పక్కనే, అది చుట్టూ తిరిగి పడుకోవడానికి మాత్రమే సరిపోయేంత చోటులో, చుట్టూ అడ్డు పెట్టి వేయండి. పరుపు తీసేసి పలుచటి పాత కాటన్ చీర ఒక పొర మాత్రం వేయండి. పన్నెండున్నరకు, మళ్లీ మూడున్నరకు అలారం పెట్టుకొని, లైటు వేయకుండా, ఆటలాడకుండా ట్రేకు తీసుకెళ్లి తీసుకురండి. పొడి పక్క మీద తెల్లవారడం దానికి ముందు మీరు చూపించాలి, రుచి తెలిశాక అదే కోరుకుంటుంది.

మీ అబ్బాయికి ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చి ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏమి చేసిందో రాయమనండి. వారం తిరిగేసరికి దాని గడియారం మీకు కంఠతా వస్తుంది.


జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

పై సోదరి రాసినదానిలో అధికభాగం నాకు సమ్మతమే. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, నలభై ఏళ్లలో ఇంట్లో ఆరు కుక్కలు పెరిగాయి. అయితే బాల్కనీ ట్రే విషయంలో నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది, దాన్ని కూడా మీ ముందుంచడం మంచిదనుకుంటున్నాను.

ట్రే అలవాటు చేస్తే పిల్లకు రెండు సార్లు నేర్పవలసి వస్తుంది. మొదట ‘ఇంట్లో ఈ మూల పరవాలేదు’ అని నేర్పి, నాలుగో నెలలో ‘ఇంట్లో ఎక్కడా వద్దు’ అని మార్చవలసి ఉంటుంది. కాకినాడలో మా అమ్మాయి వాళ్ల ఫ్లాటులో ఇదే జరిగింది. కాగితాల మీద అలవాటు చేసిన కుక్క ఏడాది దాటినా రోడ్డు మీద గంట తిరిగి ఇంటికొచ్చి బాల్కనీలోనే చేసేది. పైగా అల్లుడుగారు నేల మీద పరిచిన దినపత్రిక ఎప్పుడు కనిపించినా దాన్ని వదిలేది కాదు. మాకు పెరడు ఉంది కనుక మొదటి రోజు నుంచే నూతి పక్కనున్న అరటిపాదు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లం, పది పదిహేను రోజులలో తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది. కడియం నర్సరీల నుంచి తెచ్చిన గడ్డి కూడా వేసి చూశాను, వాటికి అరటిపాదులోని మెత్తటి మట్టే నచ్చింది. మీకు పెరడు లేదు, టీకాలు పూర్తికాలేదు కనుక ట్రే తప్పదని ఒప్పుకుంటాను. అలాంటప్పుడు పాతకాగితాలు, పీల్చుకునే ప్యాడ్లు వంటివాటి జోలికి పోకుండా, రేపు బయట దొరికేదే ఈరోజు ట్రేలో ఉంచండి. గడ్డి అయితే గడ్డి, మట్టి అయితే మట్టి. కింద మీ ఖాళీ స్థలంలో ఇసుక ఉంటే ఆ ఇసుకే ఒక బస్తా తెచ్చి పోయండి.

మరొక విషయం, తిండి. మీ అత్తగారు ప్రేమగా పెరుగన్నం కలిపి పెడుతున్నారన్నారు. ఆ ప్రేమ అలాగే ఉండనివ్వండి, పెట్టే వేళలు మాత్రం కట్టుదిట్టం చేయండి. రోజంతా గిన్నెలో తిండి ఉంచితే రోజంతా విసర్జన ఉంటుంది. ఈ వయసులో రోజుకు నాలుగు సార్లు, పావుగంట ఉంచి గిన్నె తీసేయాలి. ఆఖరిది రాత్రి ఏడు, ఏడున్నర లోపు ముగించాలి. పలుచటి రాగిజావ, మజ్జిగన్నం రాత్రిపూట పెడితే అవి నీళ్లే, అర్ధరాత్రి దాటకుండానే బయటికి వస్తాయి. ఆవుపాలు చాలా పిల్లలకు అరగవు, అందులోని చక్కెరను అరిగించుకునే శక్తి తల్లిపాలు మానిన తర్వాత తగ్గిపోతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. విరేచనాలు పట్టుకున్న పిల్లకు శుభ్రత నేర్పడం ఎవరి తరమూ కాదు. అలాగని నీళ్లు మాత్రం పగలు ఎప్పుడూ దాచకండి. పడుకోవడానికి గంట ముందు గిన్నె తీస్తే చాలు.

ఇంకొకటి, ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. మీరు ‘ఒంటికి’ అని, అబ్బాయి ఇంగ్లీషులో మరొకటి అని, అత్తగారు ‘పోవే బయటికి’ అని అంటే దానికి మూడు భాషలు నేర్పినట్టవుతుంది.


జవాబు (గుంటూరు నుంచి, పశువైద్యురాలిని)

ఇద్దరూ చెప్పినవి పాటించదగినవే. వైద్యం వైపు నుంచి కొన్ని విషయాలు చేర్చవలసిన అవసరం ఉంది.

మీ డాక్టరుగారు నేల మీద వదలవద్దన్నది పార్వో వైరస్ గురించి. అది జబ్బు పడిన కుక్క మలం ద్వారా నేలలో చేరి, అనుకూలమైన నీడ, తేమ ఉన్నచోట నెలల తరబడి బతికి ఉంటుంది. పేగుల లోపలిపొరను దెబ్బతీసి వాంతులు, రక్తవిరేచనాలతో రెండు మూడు రోజులలో పిల్లను మృత్యువు అంచుకు తీసుకెళుతుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి చొప్పున పదహారో వారం వరకు వేయిస్తాము. తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి టీకాను పనిచేయనివ్వకుండా కొంతకాలం అడ్డుకుంటుంది, అది ఏ వారంలో తగ్గుతుందో పిల్లకొక తీరుగా ఉంటుంది కనుక ఒక్క టీకాతో ఆపకుండా వరుసగా వేయవలసి వస్తుంది. రేబిస్ టీకా మూడు నెలలకు. వీధికుక్కలు తిరిగే ఖాళీ స్థలంలో ఈ వయసు పిల్లను దింపడం నిజంగానే ప్రమాదం, అందులోనూ వర్షాకాలంలో నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం కూడా ఉంటుంది. కనుక ఈ రెండు నెలలకు బాల్కనీ ట్రేనే సరైన మార్గం. అయితే ఇంట్లోనే బంధించి ఉంచవద్దు. మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం వరకు పిల్ల లోకానికి అలవాటు పడే కాలం. రోజూ ఎత్తుకొని కిందికి తీసుకెళ్లి, హారన్లు, పిల్లల కేకలు, చెత్తబండి పాట అన్నీ చేతుల్లోంచే వినిపించండి. ఆ భయం ఇప్పుడు పోతేనే రేపు కింద నిలబడి పని పూర్తిచేసుకుంటుంది. నర్సరీ గడ్డి తెచ్చేటప్పుడు ఆ నర్సరీలో కుక్కలు తిరగడం లేదని చూసుకోండి.

ఇక తడి పక్క సంగతి. గూటి అలవాటు కావచ్చునని సోదరి రాసినది నిజం కావడానికే ఎక్కువ అవకాశం ఉన్నా, ఒక తేడా గమనించండి. లేచి కూర్చొని పోస్తోందా, లేక గాఢనిద్రలో దానికే తెలియకుండా కారుతోందా? నిద్రలో కారుతుంటే, వెనుకభాగం వెంట్రుకలు ఎప్పుడూ తడిగా ఉంటుంటే, పుట్టుకతోనే మూత్రనాళం మూత్రాశయంలో కలవవలసిన చోట కాక మరోచోట కలిసిన లోపం కావచ్చు. అది ఆడ కుక్కపిల్లలలో ఎక్కువ, లాబ్రడార్లలోనూ కనిపిస్తుంది. దాన్ని ఎంత శిక్షణ ఇచ్చినా మాన్పలేము, పరీక్ష చేయించాలి. అలాగే అయిదు నిమిషాలకోసారి కూర్చొని రెండు చుక్కలు పోయడం, పోసేటప్పుడు మూలగడం, మాటిమాటికీ అక్కడ నాక్కోవడం ఉంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు అనుమానించాలి. శుభ్రమైన గిన్నెలో ఉదయపు మూత్రం పట్టి వైద్యుడికి ఇవ్వండి. మీ వారు ఇంటికి రాగానే, పైకి వంగి పలకరించినప్పుడు, చెవులు వెనక్కి వాల్చి పొట్ట చూపిస్తూ చిన్న మడుగు చేస్తే అది మర్యాద, భయం కలిసిన సంజ్ఞ. దానికి కోప్పడితే మరింత ఎక్కువవుతుంది. పక్కకు తిరిగి కూర్చొని చేయి కిందనుంచి చాచి పలకరిస్తే వయసుతో పాటు పోతుంది.

శుభ్రం చేసే పద్ధతి గురించి కూడా చెప్పాలి. మన ఇళ్లలో అందరూ ఫినాయిల్ పోస్తారు. అది మన ముక్కుకు వాసన కప్పుతుంది, కుక్క ముక్కుకు కప్పదు. నల్ల ఫినాయిల్ అయితే పాదాలకు అంటుకొని, అవి నాకినప్పుడు కడుపులోకి వెళ్లి హాని చేస్తుంది. అమోనియా ఉన్న ద్రావణాలు మూత్రం వాసననే గుర్తుచేస్తాయి కనుక అవీ పనికిరావు. ముందు పాతగుడ్డతో అద్ది తడి మొత్తం తీసేసి, ఎంజైములు ఉన్న ద్రావణం దొరికితే దానిని పోసి సీసా మీద రాసినంతసేపు నాననివ్వండి. అది దొరకకపోతే సగం తెల్ల వెనిగర్, సగం నీళ్లు కలిపి తుడవండి. మీ నేల పాలరాయి అయితే వెనిగర్ మరక చేస్తుంది, జాగ్రత్త. పార్వో భయంతో బ్లీచ్ వాడదలిస్తే మూత్రం పూర్తిగా కడిగేసిన తర్వాతే వాడాలి, వెనిగర్‌తో ఎప్పుడూ కలపకూడదు, ఆ రెండు సందర్భాలలోనూ విషవాయువు పుడుతుంది. టైల్స్ మధ్య గీతల్లో వాసన నిలిచిపోతుంది, అక్కడ పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. పూజగది గడప చెక్కదైతే తేమ లోపలికి ఇంకి ఉంటుంది. రెండు మూడు సార్లు శుభ్రం చేసి ఎండనివ్వండి, అంతవరకు అటువైపు వెళ్లకుండా అడ్డు పెట్టండి.


ప్రశ్న అడిగినవారి జవాబు (నిజాంపేట నుంచి, ఇరవై నాలుగు రోజుల తర్వాత)

ముగ్గురికీ హృదయపూర్వక నమస్కారాలు. మీరు అంత ఓపికగా రాసినందుకు ఏమి జరిగిందో చెప్పడం నా బాధ్యత.

పట్టాలు తీసేసిన మొదటి రెండు రోజులు చిట్టి గుమ్మం దగ్గర ఖాళీ నేలను వాసన చూస్తూ తిరిగింది, పరిస్థితి ఇంకా పాడయినట్టే అనిపించింది. మూడో రోజు ఉదయం 5:50కి నిద్ర కళ్లతో ఉన్న దాన్ని ట్రేలో దింపితే, గడ్డిని ఒకసారి వాసన చూసి, ఒక కాలు ఎత్తి మళ్లీ దించి, చివరికి కూర్చుంది. ఆ సంతోషంలో నా చేతిలోని మాంసం ముక్క జారి ట్రేలోనే పడిపోయింది. దాన్ని తినేసి నన్ను చూసిన చూపు ఇప్పటికీ కళ్ల ముందుంది. మా అబ్బాయి నోటుపుస్తకంలో ఆ రోజు గడ్డి కింద నాలుగు, నేల కింద ఏడు అని ఉంది. పదో రోజుకు గడ్డి తొమ్మిది, నేల రెండు. గత ఆరు రోజులలో నేల మీద మొత్తం మూడు సార్లు, మూడూ నేను ఫోను మాట్లాడుతున్నప్పుడే. పుస్తకం చూడకపోతే ఆ తప్పు నాదని నాకు తెలిసేది కాదు.

రాత్రి అలారాలలో మొదటిది మానేశాము, రెండోది నాలుగింటికి జరిపాము. పక్క తొమ్మిది రోజులుగా పొడిగా ఉంది. నిద్రలో కారడం లేదని రెండు రాత్రులు టార్చ్‌లైటుతో చూసి నిర్ధారించుకున్నాము, అయినా డాక్టరమ్మ చెప్పినట్టు మూత్రపరీక్ష కూడా చేయించాము, ఏమీ లేదన్నారు. మా వారు మూతి రాసిన సంగతి ఇప్పుడు తలచుకొని బాధపడుతున్నారు. సోఫా వెనక్కి వెళ్లడం తగ్గడానికే అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది. మొదట్లో బాల్కనీలో కూడా ఆయన పక్కన ఉంటే కూర్చునేది కాదు, ఆయన వీపు తిప్పి నిలబడటం మొదలుపెట్టాక అలవాటు పడింది. మా అత్తగారు రాత్రి పెరుగన్నం మధ్యాహ్నానికి మార్చారు. వ్రతం శుక్రవారం నాడు పూజగది వైపు చెక్క అడ్డు పెట్టి, అబ్బాయిని చిట్టితో బాల్కనీ గదిలో కూర్చోబెట్టాము, పుస్తకంలో ఆ రోజు నేల కింద సున్నా.

ఇక ఒక్క సందేహం మిగిలింది. మూడో టీకా వచ్చే నెలలో, దాని తర్వాత నాలుగోది ఉంది. ఆపైన ట్రే నుంచి కిందికి మార్చడం ఎలా? మాస్టారుగారు చెప్పినట్టు బాల్కనీకే అతుక్కుపోతుందేమోనని భయంగా ఉంది.


జవాబు (సైనిక్‌పురి నుంచి)

చాలా సంతోషమండి. ఫోను విషయం గమనించారు చూడండి, అది చాలామంది ఒప్పుకోరు. మూడోనెల, నాలుగోనెల దాటేవరకు అప్పుడప్పుడు జారడం ఉంటుంది, వానకు ఉరుము ఉరిమినా, చుట్టాలు వచ్చినా లెక్క తప్పుతుంది. దానికి కంగారుపడకండి.

మార్చేటప్పుడు మాస్టారుగారు చెప్పిన మాటే తాళంచెవి. మీరు పెంచుతున్నది గడ్డి కనుక కింద గడ్డి ఉన్న మూలనే వెతకండి. ఆఖరి టీకా వేసిన తర్వాత వారం, పది రోజులు ఆగి, ఉదయం లేవగానే చేసే మొట్టమొదటి విసర్జన, అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడి ఉండేది, దాన్ని మాత్రం కిందికి మార్చండి. ట్రేలో తడిసిన గడ్డి ముక్క అరచేతి అంత కోసి కవరులో వేసుకొని ముందే వెళ్లి ఆ మూలన పెట్టండి. లిఫ్టులో నేల మీద నిలబెట్టకుండా ఎత్తుకొనే దింపండి, లిఫ్టు నేల చాలా పిల్లలకు మొదటి పొరపాటు. పాత మాటే అనండి, పాత ముక్కే పెట్టండి. పని కాగానే వెంటనే పైకి తీసుకురావద్దు, పదినిమిషాలు అక్కడే తిప్పండి. అది పోసిన వెంటనే షికారు ముగిసిపోతుంటే, షికారు పొడిగించుకోవడానికి బిగబట్టడం నేర్చుకుంటుంది. మలం ఎత్తడానికి కాగితం, సంచి మీ జేబులో ఎప్పుడూ ఉండాలి, అపార్ట్‌మెంటులో కుక్కను చూసి ముఖం చిట్లించేవారిలో సగంమంది అభ్యంతరం దాని గురించే.

ఉదయపుది వారం రోజులు తప్పకుండా కిందే జరిగితే సాయంత్రపుది మార్చండి, ఆ తర్వాత మధ్యాహ్నానిది. ట్రేను ఒక్కసారిగా తీసేయకుండా గడ్డి ముక్కను వారానికి కొంచెం చిన్నది చేస్తూ రండి. మీరు ముగ్గురూ ఊళ్లో లేని రోజున, అత్తగారు ఒక్కరే ఉండి మెట్లు దిగలేని రోజున ఆ ట్రే అక్కరకు వస్తుంది కనుక, రెండడుగుల ముక్క ఒకటి బాల్కనీలో ఉంచుకుంటే తప్పేమీ లేదని నా అభిప్రాయం. ఈ విషయంలో మాస్టారుగారు నన్ను మన్నించాలి.